చిరగలేదు

మూడు జతలు పంపారు కంపెనీవాళ్లు,
జతకో కాగితం:
మోకాలు, పిర్ర, జేబు, కుట్టు,
ఎన్నో వారంలో ఎక్కడ పోయిందో రాయమని.
కోయాయికే నుంచి పిండిబస్తాలతో, మేకుల డబ్బాలతో పాటు
తెచ్చి పడేశాడు లారీ అతను.

ఒకటి ఎలెవుతేరియోకి, ఒకటి కుర్రాడు నిబాల్డోకి,
మిగిలింది నాకు.
నడుం దగ్గర రెండు పిడికిళ్ల ఖాళీ,
తుంటి దగ్గర ఊపిరాడదు.
ఆడమనిషి కూడా కంచె వేస్తుందని
కత్తిరించినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.
తాడుముక్క ఒకటి బిగించుకున్నాను.

మొదటి వారం అవే మమ్మల్ని పరీక్షించాయి.
అట్టలా బిగుసుకుని, వంగబోతే వద్దనేవి.
నడుస్తుంటే తొడకీ తొడకీ మధ్య
ఎవరో రంపం పెట్టినట్టు చప్పుడు.
గుర్రం బెదిరింది.
ఎలెవుతేరియో తన జతని ఏట్లో రాయి కింద తొక్కిపెట్టి
రెండు రాత్రులు నానబెట్టాడు.
"కొత్త ఎద్దు, అంతే" అన్నాడు.

తర్వాత మా వంతు.
కలఫాతే ముళ్లపొదల కింద పాకాం.
లెంగా గుంజలు భుజాన మోసుకొచ్చి తొడ మీద దించుకున్నాం.
ముళ్లతీగ చుట్టని మోకాళ్లతో అదిమి విప్పాం.
గాలి సంగతి చెప్పాలి. ఇక్కడి గాలి
పడమటి నుంచి వచ్చి ఒంటికి ఆనుకుని నిలబడుతుంది
అప్పిచ్చినవాడిలా.
వాన అడ్డంగా కురుస్తుంది.
తడిసిన గుడ్డ మూడు రోజులు తడిసినట్టే ఉంటుంది,
పొయ్యి పక్కన వేస్తే
గొర్రెకొవ్వు, పొగ, తుప్పు వాసన.

నాలుగో వారం: జేబు అంచు తెల్లబడింది, మేకుల వల్ల.
ఆరో వారం: నిబాల్డో గుండీ ఊడింది. మాతే కాచే కెటిల్లో దొరికింది.
మోకాలు: ఏం కాలేదు.
కుట్టు: ఏం కాలేదు.
విడివిడి అక్షరాలతో రాశాను, గొలుసుకట్టు నాకు రాదు.

తొమ్మిదో వారం, మంగళవారం,
లోయ వాలులో ఏడో తీగ బిగిస్తున్నాం.
ఇంకొక్క పన్ను, అన్నాడు నిబాల్డో,
పిడి ఇంకొక్క పన్ను తిప్పాడు.
తీగ తెగిన చప్పుడు ఉరుములా ఉండదు.
ఎవరో పేరు పెట్టి పిలవబోయి
సగంలో ఆపేసినట్టుంటుంది.

కుర్రాడు కూర్చుండిపోయాడు.
తొడ మీద గుడ్డకి చిన్న బెజ్జం, మేకు దూరేంత.
బూటు మాత్రం నిండుతోంది.

నా కత్తి తీశాను, గొర్రెతోలు ఒలిచే కత్తి.
దిగలేదు.
ఎలెవుతేరియో కత్తి. అదీ దిగలేదు.
మూడు వరుసల కుట్టుని
పళ్లతో కూడా లాగాను, నవ్వకండి.
తొమ్మిది వారాలు మెచ్చుకున్న నోటితోనే
దాన్ని నేసినవాడి వంశాన్నంతా తిట్టాను.
చివరికి బూట్లు, బెల్టు, గుండీలు విప్పి
మంచు కలిసిన వానలో లాగేశాం.
ఇరవై ఏళ్లవాడు.
రెండు చేతులూ గాయం మీదికి పోలేదు.
"కళ్లు మూసుకో నోల్ఫా" అన్నాడు.
మూసుకునే నొక్కిపట్టాను,
వేడి ఎక్కడ తగిలితే అక్కడ.

బతికాడు. కొంచెం కుంటుతాడు,
వంటమనిషి చూస్తుంటే ఇంకొంచెం ఎక్కువ.

కాగితంలో చివరి గడి:
చిరిగిందా? ఎక్కడ?
చిరగలేదు, అని రాశాను.
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
తర్వాత గడి దాటి, అంచు మీద:
పక్క కుట్టులో ఒకచోట
చేత్తో లాగితే విడిపోయేలా వదలండి.
ఎక్కడన్నా ఒకచోట.
తుంటి దగ్గర కూడా రెండు వేళ్లు.

కుర్రాడి జత ఉతికి తీగ మీద వేశాను.
రాత్రి గడ్డకట్టింది.
పొద్దున్నే దించితే మంచులో తన కాళ్ల మీద తనే నిలబడింది,
మోకాళ్లు కాస్త వంచి, పనికి సిద్ధంగా.
కట్టెలు మోసుకొస్తున్న ఎలెవుతేరియో
దాన్ని తోసేసి రావచ్చు.
చుట్టుతిరిగి వచ్చాడు.