రోహిణి దాటే దుంప

కడియం నర్సరీ బండి
కనిగిరి కొచ్చేది ఏడాదికి రెండే సార్లు.
మా వీధి మలుపులో హారను వినపడగానే
చేతిలో చీపురుతోనే పరిగెత్తాను.

"నీలం పువ్వు అడిగారు కదండీ, ఆయ్,"
సూరిబాబు ఫోన్లో బొమ్మ చూపించాడు.
మూడు రేకులు పైకి, మూడు కిందికి,
వాలిన ప్రతి రేకు మీదా
పసుపులో వేలు ముంచి గీసినట్టు ఒక గీత.
పేరు ఐరిస్ అట.
నా చేతిలో పెట్టింది మాత్రం
అల్లం కొమ్ములాంటి ఎండు దుంప.

"గట్టి జాతేనా?"
"మంచు కింద నెలల తరబడి నిద్రపోయి లేస్తదండి."
"మంచు సంగతి ఎవరడిగారయ్యా,
రోహిణి కార్తె దాటుతుందా?"
తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పలేదు.
అందుకే కొన్నాను,
నూట యాభై దాన్ని తొంభైకి.

నా ఉద్యోగం నీళ్ళ పరీక్ష.
బోరు నీళ్ళు సీసాల్లో వస్తాయి,
మూతకి ఊరి పేరు చీటీ.
గొట్టంలో గులాబి రంగు మందు కలుపుతాను.
గులాబిగానే ఉంటే తాగొచ్చు.
పసుపుకి తిరిగితే
ఎముకల్ని వంచే నీళ్ళు.
పదకొండేళ్ళుగా రాస్తున్నాను,
రిజిస్టరు నిండా పసుపే.
మా పెరటి బోరుదీ అదే రంగు.
ఆ నీళ్ళతోనే తోట.

కాబట్టి మొక్కని ఎంచుకునేటప్పుడు
అందం నా రెండో ప్రశ్న.
బిళ్ళగన్నేరుకి మొదటి ప్రశ్న కూడా వెయ్యలేదు,
మెట్ల సందులో సిమెంటు చీల్చుకుని తనే వచ్చింది.
మెట్టతామర అంట్ల నీళ్ళు తాగి
వడ్డీ వ్యాపారిలా బలిసింది.
నందివర్ధనాన్ని మేక మొదలంటా కొరికితే
నాలుగు పాలచుక్కలు కార్చి
పది రోజుల్లో మళ్ళీ చిగురేసింది.
చంద్రకాంత గింజలు మస్తాన్‌బీ ఇచ్చింది,
కొంగు ముడి విప్పి, మిరియాలనుకున్నాను.
"దీనికి నువ్వేం చెయ్యబాకమ్మే, చేస్తేనే చస్తది."

నూరు వరహాలు మాత్రం
మూడో నెలకే ఆకు పసుపెక్కింది.
ఇంట్లో కూడా ఆ రంగు చూళ్ళేక
కావలిలో మా చెల్లెలికి పంపేశాను,
వాళ్ళవి మంచి నీళ్ళు.
గులాబీల సంగతి అడగొద్దు.

ఐరిస్ ఐదాకులేసింది, విసనకర్రలా.
మాఘమంతా పచ్చగా ఉంది,
మొగ్గ జాడ లేదు.
మే నెలలో పడమటి గాలికి
కొసల నుంచి కాగితమైపోయింది.
"చచ్చింది, పీకెయ్," అన్నాడు మాల్యాద్రి.
నా మొగుడికి చావు మీద గట్టి నమ్మకం.
నిరుడు ఇట్టాగే
ఒక కుండీ ఎండిందని
మట్టంతా స్నానాలగది గోడ వెనక కుమ్మరించాడు.

మృగశిరలో తొలివాన.
మూడో రోజు ఉదయం బట్టలారేయబోతే
గోడ వెనక, విరిగిన బకెట్ పక్కన
ఆకైనా లేకుండా
నేలలోంచి నేరుగా పువ్వులు.
పదో, పన్నెండో. వాన లిల్లీలు.
ఉల్లిగడ్డంత దుంపలు
ఏడాదిగా అక్కడే, ఎవరూ తడపకుండా.
రంగు చూసి
ముందు తడిబట్టలు తీగ మీద వేశాను,
తర్వాత కూర్చున్నాను.
గులాబి.
గొట్టంలో నాకు కనపడని గులాబి.

ఐరిస్ కుండీని తీసెయ్యలేదు.
ఇరవై రూపాయల డబ్బా నీళ్ళలోంచి
రోజుకో గ్లాసు పోస్తున్నాను.
"తాగే నీళ్ళు మట్టికా!" అని
మస్తాన్‌బీ గోడ మీంచి తిడుతుంది.
నిజమే.
కింద అది నిద్రపోతోందో, లేదో.
గోరుతో గీరి చూడొచ్చు,
పచ్చగా ఉంటే బతికున్నట్టు.

రోజంతా పరీక్షలే చేస్తాను.
ఇదొక్కటి చెయ్యను.