పదకొండో పలక

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
వచ్చే ఏడు పంతుళ్లు కాబోయేవాళ్లకి
వాసెలిన్ పూసిన గాజుపలకలు తలా ఒకటి ఇచ్చాను.
"ఇంటి బయట వేలాడదీయండి. మూడు రాత్రులు."

అపార్ట్‌మెంట్ల వాళ్లవి బూడిద రంగుతో తిరిగొచ్చాయి.
పదకొండోది, గుట్టమీది గుడారం నుంచి ఉయాంగా తెచ్చింది,
కాటుక.
చలికోటు మడతలో దాచుకుని కూర్చుంది
తప్పు చేసినదానిలా.

సూక్ష్మదర్శిని కింద ఒక్క గడిలో
నలకలు లెక్కపెడుతూ, నాలుగొందల దగ్గర
తుమెన్ దగ్గాడు. ఎవరూ నవ్వలేదు.

ఉయాంగా లేచింది:
"రేపు నా క్లాసులో ఓ పిల్ల
'అయితే మా అమ్మని పొయ్యి ఆర్పెయ్యమననా?' అంటే?"
బయట మైనస్ ముప్పై నాలుగు.

ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం నాది.
బొగ్గు, గంధకం, ఊపిరితిత్తుల బొమ్మ, బాణం గుర్తులు.
ఆ బొమ్మలో ఎక్కడా
చలికి వణికే అమ్మ లేదు.

నా దగ్గర జవాబు లేదు. సుద్దముక్క ఆమెకే ఇచ్చాను.
ప్రశ్న రాసింది. దాని కింద
గాలి ఎటు వీచిందో, రాత్రికి ఎన్ని బకెట్ల బొగ్గో,
తమ్ముడు ఎన్నిసార్లు దగ్గాడో.

గంట కొట్టారు. బోర్డు తుడిచే వంతు తుమెన్‌ది.
డస్టర్ పక్కన పెట్టి
ఓ మూల "పొయ్యి గొట్టం ఎత్తెంత?" అని రాసి
టోపీ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.