మూడు కత్తెరలు

చట్టం వచ్చిందన్న పొద్దు
లీలామహల్ సర్కిల్లో టీ నేనే తాపించినాను, పద్నాలుగు గ్లాసులు.
చెంగల్రాయుడు షట్టరుకు మామిడాకులు కట్టినాడు.
ఇంక కంపెనీవాడు పార్టు ఇయ్యాల్సిందే,
సర్క్యూటు గీసిన కాగితం ఇయ్యాల్సిందే.
మద్రాసు సందుల్లో దొంగసరుకు మాదిరి
గుసగుసగా కొనే పన్లేదు.

గెజెట్టు ఆలస్యంగా చదివినాను.
కడాన, చిన్నక్షరాల్లో
మూడంటే మూడు సవరణలు.

‘విడిభాగము’ అను పదమునకు బదులుగా
‘భాగముల కూర్పు’ అను పదములు ఉంచవలెను.

అంటే, బియ్యపుగింజంత చార్జింగ్ పిన్ను విడిగా రాదు.
అది అతుక్కోనుండే బోర్డు మొత్తం కొనాల.
అరవై రూపాయల జబ్బుకు
నాలుగువేల మందు.

‘పరికరములు’ అను పదమునకు ముందు
‘ఈ చట్టము అమలులోనికి వచ్చిన పిదప తయారైన’ అని చేర్చవలెను.

అంటే, ఈ పొద్దు తిరుపతిలో
ఎవరి జేబులో ఉండేదీ కాదు.

మూడోది పొట్టిది.
‘భద్రతకు భంగము కలుగునని తయారీదారు భావించిననే తప్ప.’
భావించేదానికి ఏం ఖర్చు?

రెడ్డెమ్మ వచ్చింది,
కల్యాణకట్టలో రాత్రి డ్యూటీ దిగి, నేరుగా.
చేతులింకా డెటాల్ వాసన.
ఫోను చార్జి ఎక్కదు,
షిఫ్టు ఎప్పుడో తెలిసేది దాంట్లోనే.
ఆ కాగితం ఆమెకు చదివి వినిపించినాను,
ఎందుకు వినిపించినానో.

నవ్వింది.
‘ఆడోళ్ళకు మేమూ మూడు కత్తెరలే ఏస్తామన్నా.
మూడు చోట్ల కొస తీస్తే
మొక్కు తీరతాది, జడ మిగుల్తాది.
వీళ్ళెవరో మాకంటే పనోళ్ళు.
మూడు కత్తెరల్లోనే తల తీసుకోని
జడ నీ చేతిలో పెట్టినారే!’

నేనేమీ అన్లేదు.
చచ్చిన ఫోన్ల డబ్బా కిందకి దించినాను,
భూతద్దం కంటికి బిగించి
ఒక పిన్ను ఊడదీసినాను, పొగ ఊదుకుంటా.
చెంగల్రాయుడు లైటు పట్టుకున్నాడు.
వాడి తల మీద
ఎండిన మామిడాకులు గలగలమంటాండాయి.

ఫోను వెలిగింది.
వెలుగుతానే ఫిర్యాదు చేసింది:
‘గుర్తు తెలియని భాగం అమర్చబడినది.’
ఇంక ప్రతి పొద్దూ ఇదే చెప్తాదంట ఆమెకు,
పేపర్లో రైలుపట్టాల పక్క వార్త మాదిరి.

అరవై తీసుకున్నాను.

గుర్తు తెలియకపోవడమేంది?
కొర్లగుంట ఆటో గుణశేఖర్ ఫోను అది,
మొన్న తుపానుకు నానిపోయింది.
పనికొస్తే ఎవరికైనా ఎయ్యన్నా, అని
వాడే ఇచ్చిపోయినాడు.