నాలుగో నిమిషం

మద్రాసు నించి కండక్టరు వస్తాడంటే
పక్కింటి వళ్ళియమ్మ అడిగింది, ఏ బస్సుకు అని.
మా అమ్మకూ తెలీదు. నవ్వి ఊరుకుంది.

తిరపతిలో ఆడిటోరియం. ఏసీ చలి.
స్టేజి మీద నలభైరెండు కుర్చీలు,
నలభైరెండు స్టాండ్ల మీద
నా చేతిరాత కాని నా రాత.

మొదటిది చిత్తూరు షఫీవుల్లాది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
మామిడికాయల ట్రాక్టర్లు రాత్రంతా కాచుకొని ఉండడం గురించి.
ట్రంపెట్టు మోగంగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకొని
ఇది నేను రాసిందేనా అన్నాడు.
తర్వాత, తప్పు వాయించినారు అన్నాడు.
తర్వాత, కాదు, అట్లే ఉండనీ అన్నాడు.

రెండోది పుత్తూరు ఎస్తేరుది.
నేను వినలేదు. చెవుల్లో నా గుండే ఉంది.

సంగీతం నేర్పిన గురువు పేరు రాయమంటే
ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేసినాను.
నగరిలో మా సందుకే అరవై మరమగ్గాలు.
ఏ రెండూ ఒక తాళంలో ఆడవు.
మా ఇంటి రెండోదానికి కుంటి, ప్రతి ఏడో దెబ్బా ఆలస్యం.
మెకానిక్కు వచ్చి దాన్ని బాగుచేసిన రాత్రి
నాకు నిద్ర పట్టలేదు.

ఫోనులో రాసినాను, బొటనవేల్తో.
నా వయొలిన్లను అది దోమల్లా పాడింది,
సెల్లో అని చెప్పి ఫ్రిజ్జు గొణుగుడు వినిపించింది.
ఏడు నెలలు దాన్నే నమ్మినాను.
ప్రింటు తీసుకొస్తే నాయన వేలితో గీతలు లెక్కపెట్టినాడు:
ఐదే పోగులా మే?
ఐదు పోగుల్తో గుడ్డ యాడన్నా వస్తాదా?

రిహార్సల్లో మొదటి వయొలిన్ మేడమ్
అద్దాలు ముక్కు మీదికి జార్చుకొని,
నాలుగో నిమిషంలో పన్నెండు సెకన్లు
అందరూ ఆగాలని ఉంది, పొరపాటా అనింది.
కరెంటు పోతుంది మేడమ్, అన్నాను.
ఆమె నవ్వలేదు. పెన్సిలుతో తమిళంలో ఏదో రాసుకుంది.
నగరి పిల్లని కదా, తలకిందులుగా కూడా చదవగలను:
కరెంట్ కట్.

కర్ర లేచింది.
నలభైరెండు మంది ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు.
ఆ గాలి నేను రాయలేదు.

సెల్లోలు నేల కింద నించి వచ్చినాయి,
చెప్పుల్లోంచి మోకాళ్ళలోకి.
ఏడో దెబ్బ ఆలస్యంగా పడింది,
పడాల్సినంత ఆలస్యంగా.
తర్వాత ఒంటరిగా ఫ్లూటు. అది నాయనది.
తెల్లారుజామున దారం తెగితే
పంటితో కొరికి ముడేస్తా కూనిరాగం తీస్తాడే, అది.
తీస్తున్నట్టు ఆయనకే తెలీదు.

నాలుగో నిమిషం.
అన్నీ ఆగినాయి.

ముందు వరసలో ముఖ్య అతిథి చప్పట్లు మొదలుపెట్టినాడు,
ఆయన్ని చూసి ఇంకో మూడు వరసలు.
నేను కుర్చీలోకి కుంగిపోయినాను.
తల తిప్పితే, చిట్టచివర,
నాయన చప్పట్లు కొట్టలేదు.
కుడిచెయ్యి గాల్లో, భుజం ఎత్తున,
మా ఇంట్లో స్విచ్చు ఉండే చోట.
కాచుకొని ఉన్నాడు.

ఒక వయోలా.
పక్కింటిది. ఎదురింటిది.
సందు చివర గోవిందన్నది, ఎప్పుడూ కడాకు లేచేది.
ఆయన చెయ్యి దిగింది.

రాత్రి బస్సులో వేరుశనక్కాయలు వలుస్తా చెప్పినాడు,
ఆ పిల్లంగోవాయప్ప బుగ్గలు కదిలినాయి గానీ
నాకేమీ అందలేదు మే.
ముప్పై ఏండ్లుగా మగ్గాలు తిన్న చెవులు.
నాకు తెలుసు. రాసేటప్పుడు
ఎట్ల మరిచిపోయినానో.

ఆగింది చూడు, అన్నాడు,
అది బాగా వినపడింది.

టికెట్ల కోసం కండక్టరు వచ్చినాడు.
రెండు నగరి, అన్నాడు నాయన,
బస్సంతా ఉలిక్కిపడి లేచేటట్టు,
మగ్గాల మీంచి అరిచినట్టు.