పదకొండు నెలల తోట

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు.
విల్లివాక్కంలో రెండంతస్తుల ఇల్లు, పైన మేడ.
వాడుకోండి, అన్నారు దేవనాయగం గారు,
బరువు మాత్రం పెట్టొద్దు, చెమ్మ దిగనీయొద్దు.

అందుకే నావన్నీ తేలిక మొక్కలు.
చేపలమ్మే తిలకవతి ఇచ్చిన థర్మాకోల్ పెట్టెల్లో
సగం మట్టి, సగం కొబ్బరి పొట్టు.
ఎన్నిసార్లు కడిగినా
తోటకూరలో వంజరం వాసనొస్తోందంటాడు మునికృష్ణ,
రెండోసారి వడ్డించుకుంటూనే.

జూన్‌లో సంతకం.
ఆడి గాలికి ఆరేసిన చీరలు
పక్కింటి డిష్షుకి చుట్టుకునే రోజుల్లో
వంగ, బెండ, గోరుచిక్కుడు.
గింజ ఎంత లావో అంత లోతు.
అంతకన్నా లోతుకి నాకూ హక్కు లేదు.

బీరపాదుకి తెగిన కేబుల్ వైరే పందిరి.
మందారానికి తెల్లపురుగు పడితే
కుంకుడు రసం, అరిగిన బ్రష్షు;
మారాం చేసే పిల్లకి పళ్ళు తోమినట్టు
ఒక్కో కొమ్మా పట్టుకుని తోమాలి.

అక్టోబరులో మొదటి వానకి ముందే
పెట్టెల అడుగున చిల్లులు చువ్వతో పొడవాలి.
ఒక ఏడు మరిచిపోయాను.
మిరప నారంతా నిలబడే కుళ్ళింది.

వాయుగుండం అని రేడియో చెప్పగానే
పిట్టగోడ మీదివన్నీ దించేస్తాం, మెట్టుకొకటి.
రెండు రోజులు పాల ప్యాకెట్టుకి వెళ్ళేవాళ్ళు
కనకాంబరాలను తప్పించుకుంటూ దిగుతారు.
ఎవరూ విసుక్కోరు. అదొక్కటే వింత.

వాన వెలిశాక ఈ ఊరు కాస్త మెత్తబడుతుంది.
కొత్తిమీర పూతకి తొందరపడదు,
ముల్లంగి భుజాలు మట్టి పైకి తేలతాయి.
మల్లెకి మాత్రం అప్పుడే కత్తెర:
మోకాలి ఎత్తుకి కోసి, ఆకు దూసి, నీళ్ళు తగ్గించి
దాన్ని కాస్త భయపెట్టాలి.
మార్చికి మొగ్గ తొడుగుతుంది.

జూన్ నుంచి లెక్కపెడితే పదకొండోది ఏప్రిల్.
మే నెల ఏ కాగితంలోనూ లేదు.
కత్తిరి ఎండలో విత్తేదీ లేదు, కోసేదీ లేదు.
పాత దుప్పటి నీడ,
బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు,
లారీ వచ్చిన రోజు ఇంకో అర బిందె.
ఉన్నదాన్ని ఉంచడమే పని.
ఆ నెలలోనే ఆయన మేడెక్కి
అద్దె సంగతి ఎత్తుతారు.
ఏడు మే నెలలు అలాగే గడిచాయి.

కరివేపాకు కుదురుకోవాలంటే మూడేళ్ళు.
నా దగ్గరెప్పుడూ పదకొండు నెలలే.

పోయిన నెల, మోటారు పక్కన, గేటు వారన,
చెప్పకుండా ఒక పిలక నాటాను.
పెట్టెలో కాదు. నేలలో.
ఎవరి నేలో నాకు తెలుసు.

నిన్న పొద్దున చూస్తే
దాని చుట్టూ ఎవరో పోసిన టీ పిప్పి,
ఇంకా తడిగా.
మా ఇంట్లో కాఫీయే.

కొత్త అగ్రిమెంటు ఇంకా రాలేదు.
రాత్రి బెండ గింజలు నానేశాను.