ఇసకపల్లి దోవ

నెల్లూరు మినీ బైపాస్ షోరూంలో
ఏసీ చలికి చేతులు ముడుచుకుని కూర్చున్నాను.
నా చెప్పుల కింద ఎండిన గుంట మట్టి
తెల్ల టైల్స్ మీద పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే
టై కట్టుకున్న కుర్రాడు చూడనట్టే చూశాడు.

"ఆల్ వీల్ డ్రైవ్ మేడం,
మీరేమీ చెయ్యక్కర్లేదు.
ఏ చక్రం జారిందో అదే కనిపెడుతుంది,
పట్టున్న చక్రానికి బలం పంపిస్తుంది,
మీకు తెలిసేలోపే అయిపోతుంది."

నాకు తెలిసేలోపే అయిపోయినవి
చాలానే ఉన్నాయబ్బాయ్,
అనలేదు.
"నాలుగూ ఒక్కసారే జారితే
అది ఏ చక్రాన్ని నమ్మాల?" అనడిగాను.
"అంత అడుసులోకి ఎందుకెళ్తారు మేడం?"

ఎందుకంటే,
రొయ్యల గుంటల్లో నీళ్ళు పరీక్ష చేసేదాన్ని నేను.
అల్లూరులో చిన్న ల్యాబు.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత, ఆక్సిజన్ ఎంత.
తెల్లారుజామున నాలుక్కి ఫోన్ మోగితే
సీసాలు సర్దుకుని బయల్దేరాల్సిందే.
ముందు తారు. తారు దాటితే కట్ట. కట్ట దాటితే ఇసక.

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి
శేషయ్య గుంటల కాడ కరెంటు పోయింది.
ఏరియేటర్ రెక్కలు ఆగిపోయాయి.
జనరేటరుకు డీజిలు, రెండు క్యాన్లు, నా పాత ఓమ్నీలో.
ఓమ్నీ, కట్ట మీది బంకమట్టిలో.
వెనక చక్రాలు గిర్రున తిరుగుతుంటే
ముందు చక్రాలు చుట్టపుచూపుగా వచ్చినట్టు
ఊరకే నిలబడి చూశాయి.

ఒక్కో క్యాను మోసుకుని కిలోమీటరున్నర నడిచేసరికి
రొయ్యలన్నీ అంచులకు చేరి
మీసాలు పైకెత్తి ఉన్నాయి.
శేషయ్య ఒక్క మాట అనలేదు.
చచ్చినవాటిని చేతివలతో ఎత్తిపోస్తా
"కాఫీ తాగావా?" అన్నాడు.
ఆ కాఫీ ఇప్పటికీ గొంతు దిగలేదు.

పొదలకూరు రోడ్డులో కాలేషా షెడ్డు.
అమ్మకానికి పాత ఫోర్ వీల్ డ్రైవ్, బోనెట్ మీద తుప్పు పొక్కులు.
"ఈ కడ్డీ లాగితేనే ముందు చక్రాలు లేచేది.
లాగాలని నీకు తోచాల.
దిగబడినాక లాగితే దండగ,
అడుసు కనపడంగానే లాగాల.
ఎండిన తారు మీద అట్నే తోలినావా,
మలుపులో ముందూ వెనకా కొట్లాడుకుంటాయి,
లోపల పళ్ళరిగిపోతాయి.
పనైపోయినాక వదిలెయ్యడం కూడా తెలియాలమ్మా."

దాన్ని తోలి చూద్దామని ఇసకపల్లికి పోయాను.
కట్ట మీద కడ్డీ లాగాను.
ఓమ్నీ దిగబడిన చోటు దాటాను, నవ్వొచ్చింది.
ఆ నవ్వుతోనే సరుగుడు తోపు దాటి
సముద్రం కనపడేదాకా పోనిచ్చాను,
ఇసకలో కూరుకున్నాను.
నాలుగు చక్రాలు. నాలుగు గోతులు.

చేపలు ఎండేస్తున్న కన్నియమ్మ
చెయ్యి చీరకు తుడుచుకుంటా వచ్చింది.
"ఇంకా తొక్కు, నీళ్ళు పడతాయి" అనింది.
తర్వాత జడలోంచి పిన్ను తీసి
టైరు మూతి మీద నొక్కింది.
స్స్‌స్‌మని గాలి.
టైరు పొట్ట జారి ఇసక మీద పరుచుకుంది.
"ఇసక్కి బలం చూపిస్తే మింగేస్తది,
రవంత మెత్తబడితే మోస్తది."
నాలుగింటికీ అట్నే.
నిదానంగా, అరిచెయ్యంత అరిచెయ్యంత, పైకొచ్చింది బండి.

కొన్నాను. కాలేషాకి ఇంకా రెండు వాయిదాలు బాకీ.
డిక్కీలో కాలితో కొట్టే గాలి పంపు,
డాష్‌బోర్డులో కన్నియమ్మ పిన్ను.
కడ్డీ తల మీద అంకెలు కనపడవు,
ఎవరి అరచేతికి అరిగాయో.

ఇయ్యాల శేషయ్య గుంటలో పిల్లని వదిలి పదో రోజు.
నీళ్ళు పట్టుకుని తిరిగొస్తున్నాను.
వెనక సీట్లో సీసాలు గలగలమంటుంటే
అల్లూరు తారు ఎక్కాక
కడ్డీ వదిలానా లేదా అని
రెండుసార్లు తడుముకున్నాను.