ఏ తీగ ఎయ్యాలె?

హన్మకొండ చౌరస్తాల మొయిన్ భాయ్ దుకాణం.
గోడకు రెండు గిటార్లు.
ఒకదాని తలమీద సముద్రం అవుతలి పేరు,
వంకర అక్షరాల, బంగారు రంగుల.
లక్షా ముప్పై వేలు.
రెండోదాని పేరుకు నోరు తిరగదు.
పన్నెండు వేల ఐదొందలు, బెల్టు ఉత్తగనే.

అంగి జేబుల నిన్న ఎత్తిన చిట్టీ పైసలు.
జేబుల ఉన్నయంటే,
చెయ్యి తియ్యకుంట ఉన్న.

నేను మోటార్లు సుట్టెటోన్ని.
కాజీపేట ఫాతిమానగర్, జోజి మోటార్ వైండింగ్.
కాలినదాన్ని ఇప్పి, నల్లబడ్డ తీగ పీకి
కొత్త రాగి సుట్టుడు నా పని.
గిటారు కడుపుల గూడ అదే ఉంటది, ఎరుకనా?
అయస్కాంతం సుట్టు, వెంట్రుక కన్న సన్నంగ,
వేల సుట్లు.
లక్షా ముప్పై దాంట్ల రాగే.
పన్నెండు వేల దాంట్ల రాగే.
రాగికి ఇంటిపేరు లేదు.

ఈ మాట అంటున్నది నేనేనా?
దుకాణం తెరిచిన కాడినుంచి
వచ్చిన ప్రతి రైతుకు ఉల్టా చెప్పెటోన్ని.

పోయిన వారం పరకాల నుంచి రాజమొగిలి వచ్చిండు.
ట్రాలీల మోటారు, మీద తడి గోనెసంచి,
దెబ్బతాకిన మనిషిని తెచ్చినట్టు.
"కంపెనీ తీగకెంత, లోకల్ తీగకెంత?"
చెప్పిన.
పత్తికి ఇంక రెండు తడులు కావాలె.
వేళ్లమీద లెక్కపెట్టుకున్నడు, వేళ్లు అయిపోయినయి.
"లోకల్ది ఎన్నొద్దులొస్తది జోజన్నా?"
"నీ కరెంటును బట్టి" అన్న.
అని ఊకోక,
"కంపెనీదే ఏసుకో, ఒక్కసారి బాధ" అన్న.
నా దిక్కు జూడలే. మోటారు దిక్కు జూసిండు.
లోకల్దే ఏయించుకపోయిండు.

నాతోని ఇన్నయ్య వచ్చిండు, చర్చిల కీబోర్డు వాయిస్తడు.
నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ.
ఒకే డబ్బాకు రెండింటిని మార్చి మార్చి తగిలిచ్చి
ఒకటి మీటిండు. ఇంకోటి మీటిండు.
"మొదటిదే కంపెనీది" అన్న, గట్టిగ.
మొయిన్ భాయ్ నవ్వలే. అది ఆయన మర్యాద.
మళ్ల మీటిండు. మళ్ల తప్పు.
మూడోసారి సరిగ్గ చెప్పిన,
ఇన్నయ్య దగ్గుతోని తెలిసిపోయింది.

చెవి ఓడింది గని చెయ్యి ఓడలే.
పెద్దదాని మెడ
తాత పట్టిన పార కట్టె లెక్క నున్నగ.
చిన్నదాని మెట్ల కొసలు వేలును గీకినయి,
సన్నగ నెత్తురు.
అబద్ధమెందుకు, తేడా ఉన్నది.
లక్షా పదిహేడు వేల ఐదొందలంత ఉన్నదా అంటే
నన్నడగకుండ్రి.

"ఇది ఎన్నొద్దులొస్తది భాయ్?"
"నీ చెయ్యిని బట్టి."
నా మాట నాకే
చిల్లర లెక్క తిరిగొచ్చింది.

పైసలిచ్చేటప్పుడు చెవిల అన్నడు:
"పెద్ద కంపెనీ స్టిక్కరున్నది, నూటయాభై.
తలమీద అంటిస్త. స్టేజి కింద ఎవనికెరుక?"
కాలిన మోటారుకు కొత్త నేంప్లేటు కొట్టుడు
నాకు గూడ వస్తది భాయ్.
ఎన్నడు కొట్టలే.

రాత్రి. షట్టరు సగం దించి
ఆకురాయితోని మెట్ల కొసలు రాకిన,
ఇటు ఇరవై రెండు, అటు ఇరవై రెండు.
జేబు ఇంకా బరువుగనే ఉన్నది.
దానికి సంతోషం కావాలె గద, రాలే.
బంగారు అక్షరాలు రెండుసార్లు యాదికొచ్చినయి.

రాజమొగిలికి ఫోన్ చేసిన.
"నడుస్తున్నదా?"
"నడుస్తున్నదే. వోల్టేజి తక్కువున్నది గని.
బాయికాడనే ఉన్న, ఇగో, విను."
ఫోను మోటారు కాడ పెట్టిండు.
నేను సుట్టిన లోకల్ తీగ
చీకట్ల, పరకాల అవుతల, మూలుగుతున్నది.
ఒకటే స్వరం, తెగకుంట.

ఫోను టేబుల్ మీద పెట్టి
గిటారు లావు తంతిని
మెల్లగ, దానికి కలుపుకుంట పోయిన.